మా పిల్ల మనసెరిగిన కాలేజీలు

కాలేజీలు వెతికే వెబ్‌సైట్లలో పిల్లల వివరాలు దాచుకోవాలంటూ ఎవరెవరో తెగ గగ్గోలు పెడుతున్నారు. దాచడం దేనికట? నన్నడిగితే, ఆ వివరాలు ఎంతమందికి తెలిస్తే పిల్లకు అంత మేలు!

నా సంగతే చూడండి. మొన్నమొన్నటిదాకా నా ఫోను అలమరలో మూగనోము పట్టి పడుండేది. మోగిందా, రాంగ్ నంబరే! మా మనవరాలు ఏదో వెబ్‌సైట్‌లో కాలేజీలు చూడబోతే, ఫోన్ నంబరిస్తేగానీ లోపలికి రానివ్వనందట. "నాన్నమ్మా, నీకెలాగూ ఎవరూ ఫోన్ చెయ్యరుగా! నీ నంబరు కొట్టేశా" అంది. బంగారుతల్లి! ఆ పూట నుంచి నా ఫోనుకు ఊపిరి సలిపితే ఒట్టు.

పాలు పొయ్యి మీద పెట్టానో లేదో ఒక కాలేజీ. అవి పొంగేలోపు ఇంకో కాలేజీ! ఎంత మర్యాదస్తులనుకున్నారు? "స్టూడెంటేనా మేడమ్ మాట్లాడేది?" అని ఓ అమ్మాయి అడిగింది. నేను చదివింది ఐదో తరగతి, అదీ సగమే. అయినా అంత ముద్దుగా అడిగితే కాదనబుద్ధవుతుందా? "నేనేనమ్మా" అన్నాను.

"మీలో మంచి లీడర్‌షిప్ ఉంది మేడమ్!" అంది.

ఇంత సంసారం ఈదుకొచ్చాను, కట్టుకున్న మహానుభావుడు ఒక్కనాడైనా అన్నాడా ఆ మాట? మోకాళ్ల నొప్పులన్నానని హాస్టల్లో లిఫ్ట్ ఉందని కూడా చెప్పింది, మహాతల్లి!

ఇక వాళ్ల శ్రద్ధ! పిల్ల పుట్టినరోజు, లెక్కల్లో మార్కులు, ఏ కోర్సు దగ్గర ఎంతసేపు ఆగిందీ, అన్నీ కంఠతా వచ్చు. సొంత మేనత్తకైనా ఇంత పట్టింపు ఉంటుందా?

ఓ పూట నేను స్నానానికి వెళితే ఫోను మా అబ్బాయి ఎత్తాడు. "కంగ్రాట్స్ సార్! మీ అమ్మాయి కోరుకున్న పశువుల డాక్టరు కోర్సులో సీట్లున్నాయి" అని చల్లటి కబురు చెప్పారు. వాడేమో కూతురు ఇంజనీరవుతుందని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని ఉన్నాడు.

"లోకమంతటికీ చెప్పావు, నాకు తప్ప!" అని ఇంతెత్తున లేచాడు.

"ఎవరికీ చెప్పలేదు నాన్నా. ముందు నీకే చెబుదామని... ఎలా చెప్పాలా అని చూస్తున్నా" అంది పిల్ల. గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అన్నానికీ రాలేదు. ఆనాటి నుంచి తండ్రి "ఏమ్మా" అంటే "ఏం లేదు" అంటుంది. అంతకుమించి మాట లేదు.

చూశారా, ఎంత సుఖమో! ధైర్యం కూడగట్టుకుని తండ్రి పక్కన కూర్చుని మనసు విప్పే శ్రమ పిల్లకు తప్పింది. వినే శ్రమ తండ్రికీ తప్పింది!

నిన్న మళ్లీ ఫోను మోగితే మా అబ్బాయి నా చేతిలోంచి లాక్కున్నాడు. గొంతు బాగా తగ్గించి, "మేడమ్, మా పిల్ల నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు. దాని మనసులో ఇంకా ఏముందో, ఏమేం వెతికిందో మీకు తెలిస్తే కాస్త చెబుతారా?" అని బతిమాలాడు.

అవతలి అమ్మాయి ఎంత పద్ధతి గల పిల్లో!

"సారీ సార్. స్టూడెంట్ల వివరాలు బయటివాళ్లకు చెప్పం" అంది.