ఆది వేలు

ఆ రోజు పొద్దున్న దర్జీ లేస్తూనే గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, మెడలో టేపు వేసుకున్నాడు. పదిహేనో రోజు మరి! పాత ఆయాసం జబ్బు ముదిరి దుకాణం మూతపడి రెండు నెలలైంది. "పదిహేను రోజులు వరసగా ఆక్సిజన్ తొంభైకి తగ్గకపోతే కుట్టుమిషను ముందు కూర్చోండి. తగ్గిందా, ఆ మాటే ఎత్తొద్దు" అంది డాక్టరమ్మ.

చెప్పొద్దూ, ఆ లెక్క తీసే పరికరం బట్టలారేసే క్లిప్పంత ఉంటుంది. వేలికి పెడితే చాలు, నెత్తురులో ప్రాణవాయువు ఎంతుందో అంకె కట్టి, ఫోన్లోంచి ఎక్కడో ఆసుపత్రిలో ఉన్న నర్సు ముందు పడేస్తుంది. కొయ్యకుండా, సూది గుచ్చకుండా, మనిషి లోపలి సంగతి! ఆ ఎర్రదీపం వెలిగినప్పుడల్లా దర్జీకి చేతులు జోడించాలనిపించేది.

అంత భక్తి ఉన్నవాడు చేసిన పని చూడండి. మొదటిరోజు తన వేలికి ఎనభై తొమ్మిది వచ్చింది. అంకె ఫోన్లోకి పోకముందే క్లిప్పు లాగేశాడు. దుకాణంలో అలవాటే కదా, మనిషి రాలేకపోతే అదే ఒడ్డూ పొడుగూ ఉన్న చొక్కా ఒకటి ఆదిగా పెట్టుకుని కుట్టెయ్యడం. భార్యను కేకేశాడు.

"నీ వేలు ఇలా ఇవ్వవే, ఆదిగా పనికొస్తుంది."

"వేలికి ఆదేమిటండీ, విడ్డూరం కాకపోతే!"

"నలభై ఏళ్లు ఒకే కొట్లో ఒకే గాలి పీల్చాం. తేడా ఏముంటుందే?"

పద్నాలుగు రోజులు ఆవిడ వేలు గట్టెక్కించింది. ఆయన తన ఆయాసానికిచ్చిన మందు పంపు మాత్రం పూట తప్పకుండా పీల్చాడు. పదిహేనో రోజు ఆవిడ వేలికి ఎనభై ఆరు పడింది, ఫోను కీచుమంది.

"సరిగ్గా పెట్టలేదు నువ్వు. నాలుగడుగులు నడిచిరా, వేలు వేడెక్కుతుంది."

ఆవిడ వసారా చుట్టి, గోడ పట్టుకుని రొప్పుతూ వచ్చింది. ఎనభై మూడు! వెంటనే నర్సు ఫోను. కోడలు ఎత్తింది.

"తాతగారు ఎలా ఉన్నారమ్మా?"

"మామయ్యా? అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నారు."

"నిలబడ్డారా! ముందు పడుకోబెట్టండి. బండి పంపిస్తున్నా!"

పావుగంటలో అంబులెన్సు వచ్చింది. ఇద్దరు మనుషులు దర్జీని ఎత్తి స్ట్రెచర్‌కి పట్టీలు బిగించారు.

"నాకేం లేదర్రా, వదలండి!"

"ఆక్సిజన్ తగ్గినవాళ్లంతా ఇదే అంటారు తాతా, కదలకు."

వెనకాలే ఆవిడ సంచీ మోసుకుంటూ, మెట్టుమెట్టుకీ ఆగుతూ బండెక్కింది. లోపల దర్జీ వేలికి క్లిప్పు పెట్టారు. తొంభై నాలుగు. దులిపి మళ్లీ పెట్టారు. తొంభై నాలుగే.

"ఇదేం చోద్యం తాతా?"

దర్జీ వేలు ముడుచుకున్నాడు. "బాబూ... ఇన్నాళ్లూ పంపిన వేలు నాది కాదు."

అందరూ సంచీ పట్టుకుని కూర్చున్న ఆవిడ వైపు తిరిగారు. పెదాలు నీలంగా ఉన్నాయి. క్లిప్పు పెడితే ఎనభై ఒకటి. క్షణంలో పట్టీలు ఊడాయి. ఆవిడ స్ట్రెచర్ మీదికి చేరింది, సంచీ దర్జీ ఒళ్లోకి.

"ముప్పై ఏళ్లు బొగ్గుల ఇస్త్రీపెట్టె ముందు నిలబడిందంటే ఊపిరితిత్తులు ఏమవుతాయి? దానిమీద ఇప్పుడు నెమ్ము. రెండ్రోజులు ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. సాయంత్రానికి ఆవిడ అంకె తొంభై దాటింది. దర్జీ ఆవిడ మంచం పక్కన ఆ క్లిప్పునే చూస్తూ కూర్చున్నాడు. ఊరందరి కొలతలూ నూలుపోగు తేడా లేకుండా తీసినవాడికి, పక్కనున్న మనిషి రొప్పు వినపడలేదు. బొటనవేలంత లేని ఈ వస్తువు దొంగ లెక్క చెప్పమన్నా నిజమే చెప్పింది.

"మందు పంపు క్రమంగా పీల్చారు కాబట్టే మీకు తొంభై నాలుగు" అంది డాక్టరమ్మ వెళ్తూ. "కానీ మీ పదిహేను రోజులూ రేపట్నుంచి మళ్లీ మొదలు."

"ఆవిడ ఇంటికొచ్చాకే మొదలెడతానమ్మా. కొట్టుకేం తొందర" అన్నాడు దర్జీ.

వారం తర్వాత ఆవిడకంటూ ఇచ్చిన రెండో క్లిప్పుతో ఇద్దరూ ఇల్లు చేరారు. మర్నాడు పొద్దున్న ఫోను మోగింది. నర్సు అంకె అడగలేదు.

"ముందు వేలు ఎవరిదో చెప్పండి."