‘చెయ్యి’ కొట్టేసి ‘నడుము’

నా నడుముకి ఏ జబ్బూ లేదని ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో ఎవరైనా “ఇప్పుడెలా ఉంది నడుము” అని అడిగితే నేను లేచి వెళ్లిపోతాను. జబ్బు నా బుద్ధికి. దానికి మందు దొరకదు కనక మీ ముందు చెప్పుకుని సిగ్గుపడడం ఒక్కటే వైద్యం.

సంగతేమిటంటే నాకు ఒక రోజు కావాలనిపించింది. ఒకే ఒక్క రోజు. ఇల్లంతా ఖాళీగా ఉండాలి, మంచం మొత్తం నాదే కావాలి, “ఏవండీ” అన్న పిలుపు వినపడకూడదు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆ ఇంట్లో నేను ఒక్కణ్ణీ ఉన్న పూట లేదు. గురువారం పొద్దున అమ్మాయి స్కూలుకి, మా ఆవిడ ఆఫీసుకి వెళ్లిపోతారు. నాకు ఒంట్లో బాగాలేకపోతే సాయంత్రం దాకా ఇల్లు నాదే.

ఏ రోగం తెచ్చుకోవాలా అని రెండు రోజులు ఆలోచించాను. జ్వరమంటే థర్మామీటరు పెడుతుంది. కడుపునొప్పి అంటే తిండి ఆపేస్తుంది. నడుము నొప్పి ఒక్కటే ఏ పరికరానికీ దొరకదు, తిండికీ అడ్డురాదు. దాన్ని ఖాయం చేశాను.

కాకపోతే ఒక భయం. మా ఆవిడ బీమా కంపెనీలో పని చేస్తుంది. జనం పంపించే ఆస్పత్రి బిల్లుల్లో దొంగవి ఏరి పక్కన పెట్టడమే ఆమె ఉద్యోగం. విరగని కాలికి కట్టు కట్టించుకున్న పెద్దమనిషిని ఒట్టి ఫోటో చూసి పట్టేసిన మనిషి. అందుకని బుధవారం ఆఫీసు బాత్రూములో గోడ పట్టుకుని నాలుగుసార్లు మూలుగు సాధన చేశాను. బయటున్న మా సూపరింటెండెంటు తలుపు తట్టి, అరటిపండు తినమని సలహా ఇచ్చాడు.

గురువారం పొద్దున మంచం అంచున కూర్చుని “అబ్బా” అన్నాను. ముందు మా అమ్మాయి వచ్చింది. దానికి పన్నెండేళ్లు. ఇంట్లో దాన్ని ప్లీడరు అంటాం.

“ఎప్పట్నుంచి నాన్నా?” అంది.

“ఇప్పుడే.”

“మరి కాసేపటి క్రితం పేపరు కోసం వంగావుగా?”

“ఆ వంగినప్పుడే పట్టేసింది.”

“ఏ పక్క?”

“నువ్వు స్కూలుకి పో.”

“ఇది జవాబు కాదు,” అని సంచీ తగిలించుకుని పోయింది.

తర్వాత మా ఆవిడ వచ్చింది. చేతులు తుడుచుకుంటూ నా మొహంలోకి ఒకసారి చూసింది. అయిపోయింది, దొరికిపోయాను అనుకున్నాను. ఆమె దిండు సర్ది నన్ను నెమ్మదిగా పడుకోబెట్టి, “కదలకండి. ఇవాళ నేను సెలవులోనే ఉన్నాను లెండి,” అంది.

నా పథకం అక్కడికక్కడే పడిపోయింది.

“సెలవా? దేనికి?” అన్నాను, నొప్పి మర్చిపోయి.

“దేనికైతే ఏం? కలిసొచ్చింది కదా. బోర్లా తిరగండి, మందు రాస్తాను.”

తిరిగాను. ఏం చేస్తాను మరి? ఇల్లు ఖాళీగా దొరక్కపోయినా సేవ దొరికింది కదా అని సరిపెట్టుకున్నాను. అప్పుడు నేనన్న మాట ఇప్పుడు చెప్పాలంటే నోరు రావడం లేదు. అయినా చెబుతాను. “ఎడమచేత్తో రాస్తున్నావేమిటోయ్, ఒత్తిడి సరిగా తగలడం లేదు. కుడిచేత్తో రాయి,” అన్నాను. ఆమె చెయ్యి మార్చింది. నాలుగుసార్లు రుద్ది ఆగింది. మళ్లీ ఎడమచేత్తోనే మొదలుపెట్టింది. నేను హాయిగా నిద్రపోయాను.

ఫోను మోతకి మెలకువ వచ్చింది. పక్కగదిలో మా ఆవిడ మాట్లాడుతోంది.

“అవునమ్మా, పదకొండున్నరకి నాదే. కాకపోతే ఇవాళ కూడా నాకు కుదరదు. ఆ టైములో మావారిని చూపిస్తాను, పేరు మార్చగలరా? ఆయనకి నడుము. నా చేతిదేముంది, తర్వాత చూద్దాం. రెండుసార్లు మానేశాను, ఇది మూడోసారి, అంతేగా.”

నేను పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నాను. చేతిదేమిటి? మూడోసారేమిటి?

మా ఆవిడ జీతం రాగానే డబ్బు కవర్లలో సర్దుతుంది. అద్దె, ఫీజు, పాలు, మందులు అని ఒక్కోదాని మీదా రాసి బీరువాలో పెడుతుంది. ఆమె ఇప్పుడు నా గదిలోకి వచ్చి, బీరువా తెరిచి ఒక కవరు తీసింది. దాని మీద ‘చెయ్యి’ అని రాసి ఉంది. ఆ కవరు నేను చాలాసార్లు చూశాను. చేతిఖర్చులకేమో అనుకుని రెండుసార్లు అందులోంచి తీసుకున్నాను కూడా. ఆమె పెన్ను ఎడమచేత్తో పట్టుకుని, ‘చెయ్యి’ కొట్టేసి, వంకర అక్షరాలతో కింద ‘నడుము’ అని రాసింది.

అప్పుడేసిన సిగ్గు ఇంకా దిగలేదు నాకు.

“నాకు తగ్గిపోయింది,” అన్నాను.

“తగ్గిందా?”

“పూర్తిగా. చూడు,” అని మంచం దిగి మూడు గుంజీళ్లు తీశాను.

మా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. “డబ్బు ఖర్చవుతుందని కదూ? మీ సంగతి నాకు తెలీదా? నొప్పి ఓర్చుకుని గుంజీళ్లు కూడా తీస్తారు. పడుకోండి,” అంది.

“అది కాదోయ్, నీ చేతికి ఏమైంది?”

“తిమ్మిరి. దానికి తొందరేం లేదు. నడుము నిర్లక్ష్యం చేస్తే మంచం ఎక్కుతారు.”

“నేను చెప్పేది విను. అసలు నాకు...”

అంతలో గుమ్మంలో సలహాల బాబాయి ప్రత్యక్షమయ్యాడు. కింది వాటాలో ఉంటాడు. ఒకప్పుడు మందుల షాపులో పనిచేశాడు. ఆ షాపు మూతపడి ఇరవై ఏళ్లయినా ఆయన నోరు మూతపడలేదు. “గుంజీళ్ల చప్పుడు విన్నాను. ఇది ప్రమాదం. నొప్పి తెలియడం లేదంటే నరం చచ్చిపోయిందన్నమాట. కాలు కింద పెట్టనివ్వకండి,” అన్నాడు.

ఇక నా మాట ఎవరు వింటారు? నేను నిజం చెప్పబోయినప్పుడల్లా ఆయన, “మాట్లాడితే నడుము మీద బరువు పడుతుంది,” అని నా నోరు నొక్కాడు. ఆటో డ్రైవర్ని పైకి పిలిచాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తువ్వాలుతో కట్టేశారు. బాబాయి ముందు, డ్రైవరు వెనక, రెండంతస్తుల మెట్లు దింపారు. మా ఆవిడ పక్కనే నడుస్తూ ఎడమచేత్తో నా తల పట్టుకుంది. ఎదురైన వాళ్లంతా “పాపం” అన్నారు. ఒక్కొక్క పాపమూ నా ఖాతాలోనే పడుతున్నట్టు అనిపించింది.

ఎముకలూ నరాలూ చూసే డాక్టరమ్మ మంచి మనిషిలాగే కనిపించింది. నన్ను బల్లమీద పడుకోబెట్టింది.

“ఎక్కడ నొప్పి?”

“ఇక్కడ.”

“లోపలికి రాగానే కుడిపక్క అన్నారు. ఇది ఎడమ.”

“తిరుగుతూ ఉంటుందండీ.”

“ఒకసారి ముందుకి వంగండి.”

వంగాను. భయంలో నాటకం మర్చిపోయి పాదాలు కూడా ముట్టుకున్నాను. డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుని, “ఎక్స్‌రే తీయిద్దాం,” అంది. మా ఆవిడ సంచీలోంచి కవరు తీసింది. దాని మూత తెరవడానికి కుడిచేతి బొటనవేలు సాయం రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి పంటితో చింపబోయింది.

అంతే, నా వల్ల కాలేదు. “తెరవకు. నాకేం నొప్పి లేదు. ఒక రోజు ఇంట్లో ఒంటరిగా పడుకోవాలని అబద్ధం ఆడాను,” అన్నాను.

డాక్టరమ్మ బల్లమీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. మా ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఆఫీసులో పొద్దస్తమానం దొంగ నొప్పులే వెతుకుతాను. ఇంట్లో కూడా వెతకాలని నాకెప్పుడూ అనిపించలేదు,” అంది.

ఆ తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, “క్షమించండి, మీ టైము పాడైంది. వస్తాను,” అని లేచింది.

“చెయ్యి చూపించుకోరా?” అంది డాక్టరమ్మ. “మీ టైము అయిపోయింది, నిజమే. బయట వాళ్లున్నారు, ఒంటిగంటకి నేను వెళ్లిపోవాలి. రేపట్నుంచి మూడు వారాలు ఊళ్లో ఉండను. కానీ బయట ఎవరైనా తమ టోకెను మీకిస్తే చూస్తాను. ఆ బొటనవేలు చూస్తుంటే ఆలస్యం మంచిది కాదనిపిస్తోంది.”

“ఎవరిస్తారులెండి. నాకు ఈ ఏడాది ఇదే ఆఖరి సెలవు. వచ్చే ఏడు చూద్దాం,” అంది మా ఆవిడ.

“నేను అడుగుతాను,” అని బయటికి పరిగెత్తాను. కుర్చీలో మోసుకొచ్చిన మనిషి పరిగెత్తుకుంటూ రావడం చూసి హాలంతా లేచి నిలబడింది. డాక్టరమ్మ చేతి మహిమ అనుకున్నారు.

టోకెన్ల అమ్మాయి, “పేరు మళ్లీ మార్చాలంటే కంప్యూటర్లో కారణం రాయాలండీ,” అంది.

“చిన్న పొరపాటు,” అన్నాను గొంతు తగ్గించి.

“ఎవరి పొరపాటు?” అంది గొంతు తగ్గించకుండా.

“నాదే. నొప్పి లేకుండా ఉందన్నాను.”

“అంటే అబద్ధం అని రాయనా?”

“రాయమ్మా.”

ఒక్కొక్క అక్షరమే పైకి చదువుకుంటూ రాసింది. ఇక హాల్లో దాచడానికేమీ మిగల్లేదు కనక కుర్చీ కుర్చీకీ వెళ్లి చేతులు జోడించాను.

మెడపట్టీ పెట్టుకున్న పెద్దాయన, “మెడ తిరగడం లేదు. తిరిగితే మీ మొహం ఒకసారి చూసేవాణ్ణి,” అన్నాడు. మోకాళ్ల నొప్పుల మామ్మగారు, “నేను ఆగగలను నాయనా, నా మోకాళ్లు ఆగవు,” అంది. అటు తిరిగేసరికి ఆటో డ్రైవరు గోడకి చేరబడి నడుము పట్టుకుని ఉన్నాడు. బాబాయి నేలమీద కూర్చుని ఉన్నాడు, లేవలేక. “మెట్లమీద పట్టేసిందండీ. మాకూ చెరో టోకెను ఇప్పించండి,” అన్నాడు డ్రైవరు. బాబాయి జీవితంలో మొదటిసారి సలహా ఏమీ ఇవ్వలేదు.

చివరి కుర్చీలో మణికట్టుకి కట్టుతో ఒకావిడ ఉంది. పక్కన ఆవిడ భర్త ఫోను చూసుకుంటున్నాడు.

“నా టోకెను ఇస్తాను,” అంది ఆవిడ. “నాది కట్టు విప్పడమే, ఆ పని రేపట్నుంచి ఈమె బదులు వచ్చే డాక్టరుగారైనా చేస్తారు. కానీ ఒక షరతు. జరిగింది మొదట్నుంచి చెప్పండి. నిదానంగా, ఏదీ వదలకుండా. మావారు వినాలి.”

ఆయన ఫోను లాక్కుని సంచీలో వేసుకుంది. చెప్పాను. మూలుగు సాధనతో సహా చెప్పాను. ‘ఎడమచేత్తో రాస్తున్నావేమిటోయ్’ అన్న చోట హాలంతా ఒకేసారి నాలుక చప్పరించింది. ఆ భర్త మాత్రం నావైపు చాలా కోపంగా చూశాడు. నా వల్ల ఆయన ఇంట్లో ఇంకెన్ని కవర్లు తెరుచుకుంటాయో నాకు తెలియదు.

మా ఆవిడ లోపలికి వెళ్లింది. ఇరవై నిమిషాలు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను, కుర్చీ ఇస్తామన్నా కూర్చోలేదు. బొటనవేలు పనిచేయకపోతే పెన్నెలా పట్టుకుంటుంది, ఉద్యోగం ఏమవుతుంది అని తలుచుకుంటూ ఆ తలుపు వైపే చూశాను.

డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందట. “ఇంకో రెండు నెలలు ఊరుకుంటే బొటనవేలి బలం తిరిగి వచ్చేది కాదు. ఇప్పుడు పట్టీతో సరిపోవచ్చు. ఆరు వారాలు బకెట్టు ఎత్తకూడదు, బట్టలు పిండకూడదు, కూరలు తరగకూడదు. ఇవన్నీ చేయడానికి ఇంట్లో గట్టి నడుమున్న మనిషి ఎవరైనా ఉన్నారా?”

“ఉన్నాడండీ. ఇందాక పాదాలు ముట్టుకున్నాడు,” అంది మా ఆవిడ.

ఇంటికి తిరుగుదారిలో ఆటోలో ఆమె ఒక పక్క, నేను ఒక పక్క. బాబాయిని ముందు సీట్లో డ్రైవరు పక్కన కుక్కాం. మా ఆవిడ పట్టీ వేసిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని రోడ్డు చూస్తోంది. నా తప్పు నేను ఒప్పుకున్నాను, నిజమే. కానీ తప్పంతా నాదేనా అని ఒక చిన్న ఆలోచన పురుగులా దూరింది. కాస్తయినా అటు నెట్టగలిగితే మనసు తేలికపడుతుంది కదా. అందుకని గొంతులో కొంచెం బాధ కలుపుకున్నాను.

“ఒక్క మాట అడగనా?”

“అడగండి.”

“ఇన్ని నెలలుగా చెయ్యి అంత బాధపెడుతుంటే నాకు ఒక్కసారైనా చెప్పలేదేం? నేనేమైనా పరాయివాణ్ణా?”

ఆమె నావైపు తిరిగింది. కోపం లేదు. అలసట ఉంది.

“చెప్పాను. మొదటిసారి తిమ్మిరెక్కినప్పుడు చెప్పాను, మీరు బూటు లేసు కట్టుకుంటున్నారు. గిన్నె చేతిలోంచి జారి పగిలినప్పుడు చెప్పాను, మీరు టీవీ చూస్తున్నారు. మొన్న రాత్రి అన్నం తింటున్నప్పుడు కూడా చెప్పాను, గురువారం సెలవు పెట్టాను, చెయ్యి చూపించుకోవాలి, తోడు రండి అని. మూడుసార్లూ మీరు ఏమన్నారో గుర్తుందా?”

గుర్తులేదు.

“ఊఁ అన్నారు,” అంది.

ఏదో ఒకటి అనాలి కదా అని నోరు తెరిచాను. మాట కోసం చాలా వెతుక్కున్నాను. బయటికి వచ్చింది మాత్రం, “ఊఁ.”