సాత్‌బారాలో కారు ఒకటి

నవరాత్రులకు నాలుగు రోజులుందనగా, ఆ ఉదయం శంకర్రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎద్దులు కట్టాలి, నర్సన్న చేలో నిలిచిపోయిన తన నల్ల కారును ఇంటికి లాగాలి, దెగ్లూర్ మేస్త్రీ చేత బాగు చేయించాలి, భార్య అనుసూయాబాయిని మాహూర్ అమ్మవారి దర్శనానికి తీసుకుపోవాలి. "పోతే మన కార్లనే పోత. బస్సుల నిలవడి పోయేదుంటే ఆ తల్లికి ఇంటికాన్నుంచే దండం వెడ్త" అని ఆమె ముందే తేల్చింది.

కారు చెడి ఆ చేను పక్కన ఆగింది రెండేళ్ళ క్రితం. 'రేపు తీసుకుపోతా'నని దాన్ని చేలోని వేపచెట్టు నీడకు తోయించిన శంకర్రావుకు ఆ రేపు ఇవాళ వచ్చింది.

గట్టు మీద కూర్చున్న నర్సన్న, వచ్చిన ఎద్దులను చూశాడు, తాడును చూశాడు, బావ వరసైన శంకర్రావును చూశాడు.

"ఏం కొండవోతున్నవ్ బావా?"

"కారు."

"ఎవలిది?"

"ఎవలిదేంది, నాదే. ఇగో పుస్తకం." శంకర్రావు రిజిస్ట్రేషన్ పుస్తకం తీశాడు.

"కాగితం నాకు గూడ ఉన్నది." నర్సన్న తలపాగాలోంచి సాత్‌బారా తీశాడు.

ఏ చేను ఎవరిది, అందులో ఏముంది అని చెప్పే సర్కారు కాగితమది. నిరుడు ఊరి లెక్కలు రాసే తలాఠీ దేవిదాస్ పంట చూడవచ్చి, "చేన్ల ఏమేమున్నయి?" అని అడిగాడు. నర్సన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. తలాఠీ చెప్పింది చెప్పినట్టు రాశాడు: జొన్న రెండెకరాలు, బావి ఒకటి, వేపచెట్లు మూడు, కారు ఒకటి.

"బాయి నాది, చెట్లు నాయి. నడిమిట్ల కారొక్కటి నీదెట్లయితది?"

"చెట్లు నడుస్తయా?"

"నీ కారు నడుస్తదా?"

ఇద్దరూ తలాఠీ కూర్చునే చావడికి నడిచారు.

దేవిదాస్ రెండు కాగితాలనూ పక్కపక్కన పరిచాడు. రెంటి మీదా ముద్రలున్నాయి. "ఎక్కినదాన్ని ఊకెనే కొట్టేయరాదు. అర్జీ వెట్టు, నోటీసు అంటిస్త, పదిహేను రోజులు చూస్త. అప్పటిదాన్క కారు కదలొద్దు. కదిలితే నా రికార్డు అబద్ధమైతది."

"దేవి నవరాత్రులు నాలుగు రోజులే ఉన్నయి, సాబ్."

"దేవికి నోటీసు అక్కెర లేదు. నర్సన్నకు కావాలె."

నర్సన్న ఉదారంగా అన్నాడు: "చాయ్ తాగు బావా. పదిహేను రోజులే గద."

శంకర్రావు చాయ్ తాగాడు. కప్పు దించుతూ నెమ్మదిగా అడిగాడు: "సాబ్, కారు పుస్తకంల ఎవలి పేరున్నది?"

"నీదే."

"మరి రెండేండ్ల సంది నా కారు కింది జాగ ఎవలి కబ్జల ఉన్నది?"

దేవిదాస్ రెండు కాగితాలనూ మళ్ళీ చూశాడు. "కారు నీదైతే, కబ్జ గూడ నీదే."

"గదే రాయుండ్రి. సాగు చేసేటోని ఖానల నా పేరు."

సాత్‌బారాలోని ఆ గడిలో పరాయి పేరు ఎక్కితే, కౌలుదారు చట్టం కింద చేనుకు చేనే చేయి జారిపోతున్న రోజులవి. నర్సన్న చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

"నా చేన్ల ఏం సాగు చేసినవ్ బావా?"

"ఏం పండిందో నువ్వే రాయిస్తివి గద. ఒక కారు."

"పేరు పూర్తిగ చెప్పు" అని దేవిదాస్ బుక్కు తెరిచాడు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే నర్సన్న తన ఎద్దులను కూడా తెచ్చి కట్టి, కారును తానే శంకర్రావు వాకిటికి చేర్చాడు. తన చేలో కారన్నది ఎన్నడూ లేదని అర్జీ రాయించి వేలిముద్ర కూడా వేశాడు.

అనుసూయాబాయి కారుకు హారతిచ్చి వెనుక తలుపు తీసింది. లోపల, అంత కుదుపులోనూ లేవని చుక్కల కోడి ఒకటి పదకొండు గుడ్ల మీద కూర్చుని ఆమెను ఉరిమి చూసింది. నర్సన్న భార్య రుక్మాబాయి ఆయాసపడుతూ వచ్చింది.

"వొదినా, దాన్ని లేపకు. నిన్ననే పొదగవెట్టిన. ఇరవయ్యొక్క రోజులు."

"కోడి ఏ కాగితంల ఉన్నది?" అన్నాడు శంకర్రావు.

అనుసూయాబాయి తలుపు మెల్లగా మూసింది. "గుడ్ల మీది తల్లిని లేపి, ఇంకో తల్లి దర్శనానికి పోతనా నేను? బస్సు ఎన్నిటికున్నదో అడిగి రా."

మాహూర్ దాకా ఇద్దరూ నిలబడే వెళ్ళారు. పుస్తకంలో పేరు శంకర్రావుదే. సీటులో కూర్చున్నది మాత్రం కోడి.