రాళ్లబండివారి ముత్తాత

మానవజాతి చరిత్రలో అపూర్వ ఘట్టం! ఏ.ఎస్. రావు నగర్ వాస్తవ్యులు శ్రీ రాళ్లబండి రామభద్రరావు గారికి నాలుగు వేల ఏళ్ల కిందట పోయిన ముత్తాత దొరికాడు!

దొరికింది సికింద్రాబాద్‌కి గంట దూరంలో, జొన్నచేల మధ్య, ఒక రాళ్లకుప్ప కింద. కొత్త రాతియుగపు సమాధి అది. పల్లెవాళ్లు రాకాసిగుళ్లు అంటారు. ప్రభుత్వం చుట్టూ కంచె వేసి, రాయి కదిపితే జైలేనని బోర్డు పెట్టింది. దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించినందుకు ఇప్పుడక్కడ పురావస్తు శాఖ సభ. పై ఆఫీసువాళ్లు ఏ స్వాతంత్ర్య సమరయోధుడి కాగితమో చూసి రాశారు కాబోలు, సర్క్యులర్‌లో "దివంగతుని వారసులకు శాలువాతో సత్కారం" అని పడింది.

ఆ మాట చెవిన పడగానే రామభద్రరావుకి ఒళ్లు పులకరించింది. కాలనీ సంఘం ఎన్నికల్లో రెండుసార్లు ఓడినవాడు. ఇన్నేళ్లలో ఆయన భుజం మీద తువ్వాలు తప్ప ఇంకేదీ పడలేదు. శాలువా కావాలి, అంతే! వెళ్లి పురావస్తు శాఖ ఉద్యోగి అన్వర్ ముందు వాలాడు.

"వారసుడన్న దానికి రుజువేంది సార్?"

"ఇంటిపేరండీ! రాళ్ల కింద రాళ్లబండివాళ్లు కాక ఇంకెవరుంటారు?"

అన్వర్ ఫారం ముందుకు లాక్కున్నాడు. వారసుల కాలమ్ ఖాళీగా పంపితే పైనుంచి మెమో వస్తుంది. "సహీ బాత్ సార్. రాస్కుంటున్న."

ఆదివారం షామియానా లేచింది. రామభద్రరావు కాలనీ జనాన్ని బస్సులో తెచ్చాడు. మేనత్త వీరరాఘవమ్మను ముందు వరసలో కూచోబెట్టాడు. అన్వర్ మైకులో "వారసులు రామభద్రరావు సారు" అన్నాడో లేదో, ఆవిడ లేచింది.

"ఒరే భద్రం, ఈయన నిజంగా మనవాడేనా?"

"సాక్షాత్తూ మన మూలపురుషుడు అత్తయ్యా!"

"మరి మైల కదురా! మైలలో శాలువా కప్పించుకుంటావుటరా, అప్రాచ్యుడా? పది రోజులు ఇంట్లో కూచో!"

"పోయి నాలుగు వేల ఏళ్లయిందత్తయ్యా!"

"నీకు తెలిసి వారమేగా!"

కాలనీ జనం గబగబా కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. అప్పటిదాకా రామభద్రరావు చెయ్యి పట్టుకు ఊపుతున్న కాలనీ సంఘం సెక్రటరీ ఆ చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

శాలువా పట్టుకున్న అన్వర్ పరేషాన్ అయ్యాడు. "అమ్మా, మీరు సుత గా ఖాందానే కదా?"

"పుట్టిల్లు బాబూ. పెళ్లయ్యాక గోత్రం మారింది. నాకు తలస్నానంతో సరి. పొద్దున్నే చేసొచ్చా."

"మస్తైంది!" శాలువా ఆవిడ భుజాల మీద పడింది. చప్పట్లు! ఫొటోలు!

రామభద్రరావుకి కడుపు మండిపోయింది. మైకు లాక్కున్నాడు. "అంతా అబద్ధం! ఆయన మాకేమీ కాడు! ఇంటిపేరు కలిసిందని నేనే అల్లాను! ఆ శాలువా తీసేయండి!"

వీరరాఘవమ్మ శాలువా భుజం నిండా సర్దుకుని, కంచె దగ్గరికి నడిచి, రాళ్లకుప్పకి దణ్ణం పెట్టింది.

"తాతగారూ, మనసులో పెట్టుకోకండి. ఒక్క శాలువా కోసం మిమ్మల్నే కాదంటున్నాడు!"