నూట నాలుగు కవర్లు

మా ఇంట్లో మిక్సీ మీద కప్పి ఉండే నీలం గుడ్డ నిజానికి కంప్యూటరుది. 2004లో డోన్‌లో మా వీధి మొత్తానికి ఒకటే కంప్యూటరు, అది మాది. దుమ్ము పడకుండా మా ఆవిడ పద్మప్రియ దానికి కుచ్చులు పెట్టి మరీ గౌను కుట్టింది. మా పాప శ్రీవాసవికి అప్పటికి ఏడాది నిండబోతోంది. దానికి కూడా అంత మంచి గౌను లేదు.

మాది పాత్రల కొట్టు, ఇంటి ముందు గదిలోనే. అయినా నేను వారానికి మూడు రోజులు కర్నూలుకు పోయి పెర్ల్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను. బిందెలు కొనడానికి వచ్చినవాళ్ళెవరూ ఆ భాషలో బేరమాడలేదు.

పాప పుట్టెంట్రుకలు మంత్రాలయంలో తీయించాలనుకున్నాం. ఊళ్ళోవాళ్ళను ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలుస్తాం. పైఊళ్ళవాళ్ళకు కార్డులు. కంప్యూటరులో రెండు ఫైళ్ళున్నాయి. ఒకదాంట్లో మా పెళ్ళినాటి చిరునామాలు. రెండోదాంట్లో ఇప్పుడు పిలవాల్సినవాళ్ళ పేర్లు, పద్మప్రియ చెబుతుంటే నేను ఎక్కించినవి. పేరుకు చిరునామా కలిపి కవరు మీద అచ్చు వేసే ప్రోగ్రాం రాస్తానన్నాను.

"పెన్నుతో రాస్తే ఒక పూట పని. పదైదు దినాల నుంచి ఏం రాస్తాండారు?" అంది.

"కవర్లు రాసే ప్రోగ్రాం."

"అంటే రాసేదాన్ని రాస్తాండారు."

"ఒకసారి రాస్తే చాలు, ఇంక జీవితాంతం అదే రాస్తాది."

"జీవితాంతం పాపకు ఎన్నిసార్లు గుండు కొట్టిస్తారండీ?"

నేను కీబోర్డు వైపు తిరిగాను. మనసులో వేరే లెక్క ఉంది.

కమలాపురంలో ఉండే నా బావమరిది నాగచైతన్యతో నాకు రెండేళ్ళుగా మాటల్లేవు. కడపలో ఒక గృహప్రవేశంలో, భోజనాల పంక్తిలో, అందరూ వినేలా అన్నాడు: "మా బావకు కంప్యూటరు బాగా తెల్సు. కంప్యూటరుకే ఇంకా మా బావ తెలీదు." పంక్తంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో పద్మప్రియ కూడా ఉంది. మాట అన్నది వాడే అయినా, నాలో దిగబడింది ఆ నవ్వు. ఈ సంగతి నాకే చాలాకాలానికి తెలిసింది. అప్పట్లో మాత్రం కోపం వాడి మీదే అనుకునేవాణ్ణి.

మామూలుగా అయితే మేనమామను నేనే స్వయంగా పోయి పిలవాలి. పోనన్నాను.

"మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా కత్తెర యాడ పెడతార్రా?" అంది మా అమ్మ నాగేంద్రమ్మ.

"వరసకు మేనమామలు శానామంది ఉండారులే మా."

"నాకు ఒక్కడే తమ్ముడు," అంది పద్మప్రియ. మళ్ళీ తనే, "పోనీ, కార్డన్నా పంపండి," అంది.

సరేనన్నాను. ఆ సాయంత్రం ఆమె పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, నేను చిరునామాల ఫైలు తెరిచి నాగచైతన్య లైను చెరిపేశాను. పేరు ఉంటుంది, చిరునామా దొరకదు, కవరు రాదు. ఎవరైనా అడిగితే కంప్యూటరు మింగేసిందని చెప్పొచ్చు. మనిషి మీద పగను మనిషే తీర్చుకుంటే పాపం గానీ, యంత్రం తీర్చుకుంటే ఏముంది? పని కాగానే తేలిగ్గా అనిపించింది.

నూట నాలుగు కవర్లు వచ్చాయి. పేర్లూ నూట నాలుగే, ఒక కవరు తగ్గాలి కదా అని నాకు తట్టలేదు. అన్నిటి మూలలకూ పద్మప్రియే పసుపు రాసింది, తనే పోస్టు చేయించింది.

నాలుగో రోజు కొట్లో ఫోను మోగింది. కడప నుంచి సోమక్క, బంధువులంతా ట్రంకాల్ సోమక్క అంటారు. పద్మప్రియ మేనత్త. ఆమె మాట్లాడుతుంటే ఫోను చెవికి పెట్టుకోనక్కర్లేదు, కొట్టు బయట నిలబడ్డా చాలు.

"ఏమప్పా అల్లుడా! నా కార్డు వచ్చింది, సంతోషం. నాగచైతన్య కార్డు గూడా నా ఇంటికే వచ్చిందేంది? వాన్ని కమలాపురంలో ఇంట్లోంచి తరిమేసినారా?"

అప్పుడు తెలిసింది నా ప్రోగ్రాం చేసిన ఘనకార్యం. చిరునామా దొరకనివాళ్ళను వదిలెయ్యమని నేను దానికి చెప్పలేదు. ముందు మనిషి చిరునామా చెరపమనీ చెప్పలేదు. ఒకరు తాగిన గ్లాసును కడగకుండా తర్వాతవాడికి ఇచ్చినట్టు, పై పేరు చిరునామానే కింది పేరుకు అంటించేసింది. పట్టీలో నాగచైతన్య పైన ఉన్నది సోమక్క.

వాడొక్కడితో పోలేదు. పెళ్ళి తర్వాత ఊరు మారినవాళ్ళ పాత చిరునామాలు తీసేసి కొత్తవి ఎక్కించడం మరిచాను, వాళ్ళందరిదీ అదే గతి. మా పిన్ని కొడుకు హనుమేష్ ప్యాపిలిలో గోపన్న కూతురు శివకుమారిని చూసొచ్చి, ఏ మాటా చెప్పకుండా ఆరు నెలలుగా నానుస్తున్నాడు. పట్టీలో వాడి పైన ఉన్నది గోపన్న, అందుకని వాడి కార్డు సరిగ్గా ఆయన ఇంటికే చేరింది. అల్లుడి పేరు తన గడపకు నడిచొచ్చిందని ఆయన అరటిపళ్ళతో డోన్ బస్సెక్కాడు.

"కంప్యూటరు తప్పు చేసింది," అన్నాను ఇంట్లో.

"కంప్యూటరుకు మా తమ్ముని మీద ఏం కోపం ఉండాది?" అంది పద్మప్రియ, పాపకు అన్నం కలుపుతూ. ఆ ప్రశ్నను మోసుకుంటూనే వారం రోజులకు మంత్రాలయం చేరాను.

ఆ రోజు పొద్దున మంగలి కత్తి నూరుకుని కూర్చున్నాడు. పాపను కూర్చోబెట్టే ఒడి మాత్రం లేదు. వరసకు మేనమామలైన శానామందిలో ఒక్కడూ ముందుకు రాలేదు. సొంత మేనమామ ఉండగా మేమెట్ల కూర్చుంటామన్నారు. మా అమ్మ నన్ను చూస్తోంది. పద్మప్రియ నన్ను చూడటం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. పోయి పిలిచి ఉంటే బాగుండేదని అప్పుడు మొదటిసారి అనిపించింది.

అంతలో జీపు వచ్చి ఆగింది. ముందు సోమక్క గొంతు దిగింది, తర్వాత సోమక్క. వెనక కడప బంధువులంతా. వాళ్ళ మధ్య, పోలీసులు పట్టుకొచ్చిన దొంగలా నాగచైతన్య.

వాడు నేరుగా పోయి కూర్చుని పాపను ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి కత్తెర పడ్డాక నా వైపు చూశాడు.

"బావా, నీ కంప్యూటరుకు నేను గూడా తెలీదే!"

అందరూ నవ్వారు. ఈసారి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

భోజనాలయ్యాక పద్మప్రియను పక్కకు పిలిచాను. "కవర్లకు పసుపు పెట్టింది నువ్వే గదా. తప్పు చూడలేదా?"

"చూసినా."

"మరి దిద్దొచ్చు గదా?"

"దిద్దితే కమలాపురం పోయేది. బావ పోస్టులో పిలిచినాడా అని వాడు మూల పడేసేవాడు. అత్తకు పోతే కడపంతా కదిలొస్తాది." కొంగుతో నా చొక్కా మీద పాప వెంట్రుక దులిపింది. "లైను చెరిపింది గూడా తెల్సు. ఆ పొద్దు మీరు ఈల వేస్తాండారు. తప్పు పని చేస్తేనే మీరు ఈల వేస్తారు."

"హనుమేష్ కార్డు?"

ఆమె పంక్తి చివరికి చూపించింది. గోపన్న హనుమేష్‌కు తన విస్తట్లో నుంచి లడ్డు తీసి పెడుతున్నాడు.

ఆ మాఘంలోనే పెళ్ళయింది. ఇప్పుడు వాళ్ళకు ఇద్దరు పిల్లలు. హనుమేష్ కలిసినప్పుడల్లా నా ప్రోగ్రాం గురించి గౌరవంగా అడుగుతాడు. ఫ్లాపీ ఇంకా బీరువాలో ఉంది. ఆ తప్పు దిద్దాలని నాకెప్పుడూ అనిపించలేదు.

నిన్న కొట్లో ఏదో కాగితం వెతుకుతూ తెలియకుండా ఈల వేసినట్టున్నాను. లోపల మిక్సీ ఆగింది.

"ఏమండీ, ఎవురి పేరు చెరుపుతాండారు?"