ఇద్దరూ ఓడిన ఎన్నిక

ఆ ఉదయం పేపరు చూడగానే గవర్నరు హోరేస్ టాల్బర్ట్‌కు ప్రాణం లేచొచ్చింది. ప్రైమరీలో ఆయన ఓడిపోయాడని పెద్దక్షరాలతో వేశారు. మా అమెరికా దక్షిణాదిలో ఉన్నది ఒకటే పార్టీ. పార్టీ లోపల జరిగే ఆ ఎన్నికలో నెగ్గినవాడే గవర్నరు, నవంబరులో జరిగేది ఉత్త తంతు. ఏళ్ళ తరబడి చేతులు కలిపీ కలిపీ ఆయన మణికట్టు వాచింది. ఊరూరా కాల్చిన పంది మాంసం తినీ తినీ కడుపు చెడింది. ప్రత్యర్థి వెండెల్ గేదర్‌కు ఓటమి ఒప్పుకున్నానని చెప్పేసి, అటునుంచి అటే చేపల వేటకు పోదామనుకున్నాడు.

ఫోను ఎంతకీ కలవలేదు. స్వయంగా కారు వేసుకుని బయల్దేరాడు.

సరిగ్గా అప్పుడే గవర్నరే గెలిచాడని గేదర్ ఇంట్లో రేడియో చెప్పింది. గేదర్ మహా మర్యాదస్తుడు. ఓడినవాడు వెళ్ళి అభినందించడం ధర్మమని టై కట్టుకుని, వేరే దారిన గవర్నరు బంగళాకు బయల్దేరాడు.

గేదర్ ఇంటి వరండా నిండా విలేకరులున్నారు. మీవారు గెలిచారమ్మా, నేను ఓడిపోయానని గవర్నరు అందరి ముందూ గేదర్ భార్యతో చెప్పాడు. భర్తను అప్పుడే ఓదార్చి పంపిన ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఓడినవాళ్ళ గుమ్మంలోకొచ్చి వెక్కిరించడం పెద్దమనిషి చేసే పనేనా?" అంటూ తలుపు వేసుకుంది.

అక్కడ బంగళా మెట్ల మీద గేదర్ కూడా విలేకరుల ముందే ఓటమి ఒప్పుకుంటున్నాడు. గవర్నరు భార్య ఐడెల్లా అతని మొహం చూసి జాలిపడింది.

"కూర్చో నాయనా. కాఫీ తాగి ఓడిపోదువుగాని, అంత తొందరేముంది?"

విలేకరులు ఆ మాట రాసుకున్నారు.

సాయంత్రం పత్రికల్లో ఇద్దరూ ఓడిపోయారు. తమ నాయకుడు పిరికివాడని ఇద్దరి అనుచరులూ తిట్టుకున్నారు. గవర్నరు తాను నిజంగానే ఓడానని ఎంత చెప్పినా పార్టీ కార్యదర్శి వినలేదు. మళ్ళీ లెక్కపెట్టాలని కోర్టుకెక్కాడు. తీరా చూస్తే, ఫలితం తేల్చాల్సిన ఒక జిల్లా ఓట్ల పెట్టె వాగు దాటిస్తుండగా పడవ బోల్తాపడి నీళ్ళపాలైందట. లోపలి కాగితాలు గంజిలా తయారయ్యాయి. గెలిచిందెవరో తేల్చడం తనవల్ల కాదని, ఓడినట్టు మాత్రం ఇద్దరూ సాక్షుల ముందు ఒప్పుకున్నారు కనుక ఇద్దరూ తప్పుకున్నట్టేనని జడ్జి తీర్పు చెప్పాడు. అభ్యర్థిని ఎంచే పని పార్టీ కమిటీ మీద పడింది.

వారాల తరబడి సాగిన ఈ గొడవకు గవర్నరు సగమయ్యాడు. తీర్పు విన్నాక మాత్రం వెనక వరండాలో కుర్చీ వేసుకుని, చాలా కాలానికి కాళ్ళు చాపుకున్నాడు. కమిటీ వాళ్ళను సాగనంపి ఐడెల్లా వచ్చి పక్కన కూర్చుంది.

"నన్ను నిలబెడతారటండీ. ఆ కాఫీ మాట ఊరూరా చెప్పుకుంటున్నారట. ఈ ఎన్నికలో ఎవరి నోటినుంచైనా వచ్చిన తెలివైన మాట అదొక్కటేనట."

"వద్దని చెప్పావు కదూ?"

"చెప్పాను. ముగ్గురు ముగ్గురూ వద్దంటే రాష్ట్రం పరువేం కానన్నారు."

"అయితే?"

"సరేనన్నాను."

ఆయన చాపిన కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు.

"పెట్టెలన్నీ సర్దేశాం కదే," అన్నాడు నీరసంగా.

"విప్పండి," అంది ఐడెల్లా.

నవంబరులో ఆమె సునాయాసంగా గెలిచింది. ప్రమాణ స్వీకారం రోజున ఒక అధికారి వచ్చి టాల్బర్ట్ ఎక్కడ నిలబడాలో చూపించాడు. ఆమె వెనక, కొంచెం ఎడంగా, ఆమె చేతిసంచి పట్టుకుని. ఆయన సంచి అందుకుని వెళ్ళి నిలబడ్డాడు. ఆ ఏడాది మొత్తంలో ఎవరూ కోర్టుకెక్కకుండా ఆయనకు దక్కిన స్థానం అదొక్కటే.