తెల్వదు గారి బొమ్మలు

కోకాపేట కాటుక గ్యాలరీ వాళ్లారా, మిమ్మల్ని దొంగలు అనను. దొంగకు తను ఎవరింట్లోంచి ఎత్తుకొచ్చాడో గుర్తుంటుంది. మీకు అదీ లేదు. మీకు తెలియనిదాన్ని గోడకెక్కించి, పైన లైటు వేసి, కింద ఇంగ్లీషు చీటీ అంటించి, చివరికి దానికి ఒక మనిషి పేరు కూడా పెట్టారు. దొంగలకు ఇంత ఓపిక ఉండదు.

ఒక నగరం ఎంత నాగరికమైందో తెలుసుకోవాలంటే, అక్కడ ఒక బొమ్మ చూడ్డానికి ఎన్ని ఓటీపీలు అడుగుతారో చూడాలి. ఆ లెక్కన సైబరాబాదును కొట్టేవాడు లేడు. కాటుక గ్యాలరీకి మూడు ఓటీపీలు. గేటు దగ్గర ఒకటి. లిఫ్టు దగ్గర ఒకటి. మూడోది హాలు గుమ్మంలో, "లోపలి కళ వల్ల నా మనసు చెదిరితే పూచీ నాదే" అని ఒప్పుకోవడానికి. (అది రాకపోతే మనసు చెదరకుండానే ఇంటికి పంపించేస్తారు.)

లోపల జరుగుతున్న ప్రదర్శన పేరు 'చీకటి మిఠాయి'. ఇది లోబ్రో కళ అట. పెద్ద మ్యూజియాలు గుమ్మం తొక్కనివ్వని బజారు కళ: పచ్చబొట్లు, కామిక్ పుస్తకాలు, కార్ల మీద గీసే మంటలు. ఎక్కడో కొందరు కుర్రాళ్లు ఒళ్లుమండి గ్యారేజీల్లో గీసుకున్నది. ఆ మంట నాకు నచ్చుతుంది. మన దగ్గరికొచ్చేసరికి దానికి సెంట్రల్ ఏసీ పెట్టారు. కరపత్రంలోని 'లోబ్రో'ను యంత్రం చేత మాటకు మాట తెలుగు చేయిస్తే 'తక్కువ కనుబొమ్మ కళ' అని వచ్చింది. అలాగే అచ్చేసి పంచుతున్నారు.

సాసర్లంత కళ్లున్న పిల్ల ఒకతె నెత్తురు కారే ఐస్‌క్రీం నాకుతుంటుంది. గ్యాస్ మాస్కు పెట్టుకున్న కుందేలు గులాబీ మబ్బు మీద ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటుంది. ఆఫీసులు వదిలాక మెడల్లో ట్యాగులతో జనం వస్తారు. "సో డార్క్ యార్" అంటారు. కుందేలు పక్కన నిలబడి ఫోటో దిగుతారు. మళ్లీ వెళ్లి అదే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు. కుందేలు నయం, దానికి మాస్కన్నా ఉంది.

హాలు నడుమ ఒక గోడ మొత్తం ఒకే బొమ్మకు ఇచ్చారు. నూనె డబ్బా కోసి సాపు చేసిన రేకు. దాని మీద ఎనామిల్ రంగులతో ఒక మొహం: గుడ్లురిమిన కళ్లు, పిడికెడు మీసం, గదుమ దాటిన నాలుక. ఈ నగరంలో లేచే ప్రతి బిల్డింగు మీదా మీరు చూసిందే. దిష్టిబొమ్మ. దాని కింద చీటీ మీద ఇంగ్లీషులో ఇలా ఉంది: "కళాకారుడు: తెల్వదు. దక్కన్ ప్రాంతం. ఏకాంతవాసి కావచ్చు."

ఈ తెల్వదు గారు ఎలా పుట్టారో చెప్పాలి.

పక్క టవరు ఇంకా కడుతున్నప్పుడు ఈ రేకు దాని తొమ్మిదో స్లాబుకు వేలాడుతుండేది. టవరు, గ్యాలరీ రెండూ ఒకే బిల్డరువి. టవరు పూర్తయ్యాక గ్యాలరీ నుంచి ఒక ఇంటర్న్ వచ్చింది. ఉత్తరాది అమ్మాయి, తెలుగు రాదు. వాచ్‌మన్ యాదయ్యకు బొమ్మ చూపించి, ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు యాదయ్యకు అర్థమవుతుంది. నిజాయితీపరుడు కాబట్టి నిజమే చెప్పాడు.

"తెల్వదు."

యాప్‌లో కళాకారుడి పేరు నింపకపోతే ముందుకు కదలదు. అమ్మాయి నింపింది. యాప్ కదిలింది. మర్నాడు మణికొండలో ఇంకో సైటుకు వెళ్లింది, ఇంకో బొమ్మ, ఇంకో వాచ్‌మన్. తెల్వదు. నానక్‌రామ్‌గూడలో మూడు చోట్ల తెల్వదు. నెల తిరిగేసరికి ముప్పై ఏడు బొమ్మలు, ఒకే పేరు. ఇంత పనిచేసిన మహానుభావుణ్ణి ఇన్నాళ్లూ లోకం గుర్తించలేదే అని గ్యాలరీ వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కేటలాగులో 'తెల్వదు: మణికొండ దశ', 'తెల్వదు: నానక్‌రామ్‌గూడ దశ' అని రెండు వ్యాసాలు పడ్డాయి. (కాకినాడ వాచ్‌మన్ ఉన్న ఒక సైటులో మాత్రం 'తెలీదండి' అనే ఇంకో పేరు దొరికింది. ఈమె తెల్వదు గారి శిష్యురాలని పండితుల ఊహ.)

హాలు నడుమ ఉన్న ఆ రేకు బొమ్మ వేసింది సాయమ్మ. పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి, నడుం పట్టేశాక రంగుల డబ్బా పట్టుకుంది. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగేచోట పందొమ్మిదేళ్లుగా పట్టా పరుచుకుని దిష్టిబొమ్మలు వేస్తోంది. మీరు కూర్చుని పనిచేసే అంతస్తుకు ఒకప్పుడు ఆమె బొమ్మ కాపలా ఉండే ఉంటుంది.

ఒక పొద్దున ఆమె షేర్ ఆటోలో వస్తుంటే ఫ్లైఓవరు పక్కన హోర్డింగు మీద తన బొమ్మ కనబడింది. మూడంతస్తుల ఎత్తున. పక్క సీటులో గ్యాలరీ గేటు సూపర్‌వైజర్ శేఖర్ ఉన్నాడు.

"తమ్మీ, గా బొమ్మ కింద ఏం రాసిండ్రు?"

"తెల్వదు."

"సదువుకున్నోనివి గద, జర సదివి చెప్పరాదు?"

"సదివే చెప్తున్న అక్కా. తెల్వదు."

"మల్ల గదే మాట! ఇంగ్లీషు రాకుంటె రాదను, సిగ్గేంది?"

"అక్కా, నీ కాల్మొక్త. తెల్వదు అనే రాసిండ్రు. బొమ్మ గీసినాయన పేరంట."

ఆటో అంతా నవ్వింది. సాయమ్మ నవ్వలేదు. "గాయన ఎవడు? గది నేను జేసింది," అని అక్కడే దిగిపోయింది.

ఆమె అడుగుతున్నది ఒక్కటే. నాతో అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నా. "పందొమ్మిదేండ్లల్ల నేను జేసిన బొమ్మ ఒక్కటి మిగల్లే అన్నా. బిల్డింగు అయినంక దించి పారేస్తరు. పారేసేటందుకే గద చేస్త, నాకు ఫికర్ లేదు. గీ ఒక్కటి మిగిలింది. దేశంగాని దేశం పోతదంట. పోనీ. నా పేరు మీద పోవాలె."

ఆదివారం ప్రదర్శన ముగుస్తుంది. సోమవారం బొమ్మకు పెట్టె కట్టి విదేశాలకు విమానం ఎక్కిస్తారు. ఆ తర్వాత చీటీ మారదు.

కళాకారిణిగా తన బొమ్మ దగ్గరికి పోవాలంటే గేటు యాప్‌లో నాలుగు రకాల మనుషులే ఉన్నారు: అతిథి, కొనుగోలుదారు, డెలివరీ, హౌస్‌కీపింగ్. బొమ్మ వేసిన మనిషి గేటు దాకా వస్తుందని యాప్ రాసినవాళ్లకు తట్టలేదు. శేఖర్ కాసేపు తల గోక్కుని ఆమెను హౌస్‌కీపింగ్ కింద పంపాడు. సాయమ్మ తను వేసిన బొమ్మను మొదటిసారి ఏసీ గదిలో చూసింది, చేతిలో మాపు కర్రతో.

క్యూరేటర్ ప్రశాంతి గారు గుంటూరు మనిషి, మర్యాదస్తురాలు. ఆసాంతం విన్నారు.

"మీ బాధ అర్థమైందండి. కానీ ఆ పేరు ఆయనదేనండి."

"తెల్వదు అంటె పేరు గాదమ్మా. ఎర్క లేదు అని."

"ఎరక లేదు అంటే తెలియదు అంటారు కదండి. ఇది తెల్వదు. వేరే మాటండి." (ఒక యాసను మాటగా ఒప్పుకోని పుణ్యానికి ఒక మనిషి పుట్టుకొచ్చాడు. ఈ రాష్ట్రంలో యాస వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే తెల్వదు గారికే.) "అదీ కాక కేటలాగు అచ్చయిపోయిందండి."

వ్యవహారం కర్త నిర్ధారణ ఉపసంఘానికి పోయింది. దాని అధ్యక్షులు రామబ్రహ్మం గారు. కళతో ఆయనకున్న సంబంధమంతా ఆయన లెటర్‌ప్యాడ్ మీద ఉంది.

"నువ్వే వేశావనడానికి ఆధారం ఏమిటమ్మా?"

"ఎడమ చెవి కింద సూడుండ్రి సారూ. కాటుక సుక్క ఉంటది. నా బొమ్మలన్నిటికి పెడ్త."

"ఎందుకూ?"

"దానికి దిష్టి తగల్తది గద."

"అదే దిష్టిబొమ్మ కదమ్మా!"

"అయితె? దవాఖానల డాక్టర్‌కు జరం రాదా?"

అందరూ లేచి వెళ్లి చెవి కింద చూశారు. చుక్క లేదు. ఫైలు తీశారు. అందులో ఇలా ఉంది: "ఎడమ చెవి కింద మరక. ఢిల్లీ నుంచి నిపుణుణ్ణి రప్పించి శుభ్రం చేయడమైనది." కాటుక గ్యాలరీలో పడిన ఒకే ఒక్క కాటుక చుక్కను విమానం చార్జీలిచ్చి మరీ తుడిపించారు.

సాయమ్మ తుడిచిన చోటును వేలితో తడిమింది. (ముట్టుకోరాదని గంట మోగింది.) తర్వాత వెనక్కి జరిగి, బొమ్మను కిందికీ మీదికీ చూసి అంది:

"సారూ, దీన్ని ఎవలు గిట్ల కండ్ల ముంగట కట్టిండ్రు? ఇది తొమ్మిదో స్లాబు బొమ్మ. కింద నిలబడి సూస్తె మీదిది చిన్నగైతది. అందుకే కండ్లు పెద్దగ, కనుబొమ్మలు కిందికి, గదుమ పొట్టిగ గీసిన. గిట్ల పెడితె మొకం వంకర గొడ్తది."

ఆ వంకర మీదే కేటలాగులో ఆరు పేజీల వ్యాసం ఉంది. 'నుదుటి బరువు మోస్తున్న ఆధునిక మానవుడు' అని. తక్కువ కనుబొమ్మల కళకు అంకితమైన ఆ భవనంలో కనుబొమ్మల సంగతి తెలిసి మాట్లాడిన మనిషి సాయమ్మ ఒక్కతే. రామబ్రహ్మం గారు మినిట్స్‌లో రాయించారు: "ఆమె వ్యాఖ్య సాంకేతికమైనది. కళకు సంబంధించినది కాదు."

ఇక ఆమెకు ఓపిక చచ్చింది. సంచిలోంచి కుంచె, రంగు డబ్బాలు తీసింది. ప్యాంట్రీలో బిస్కెట్ డబ్బా మూత ఒకటి అడిగి తీసుకుని నేల మీద కూర్చుంది. పదకొండు నిమిషాలు. అవే కళ్లు, అదే మీసం, అదే నాలుక. చివరగా ఎడమ చెవి కింద చుక్క. మూత ఎత్తి పట్టుకుంది.

"ఇగ జెప్పుండ్రి. ఎవలు జేసిండ్రు?"

తల పండిన ఉపసంఘం రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి ముప్పావుగంట పరిశీలించింది. గీతకు గీత సరిపోయిందని ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆపైన తీర్పు చెప్పింది: సాయమ్మ అనే హౌస్‌కీపింగ్ సిబ్బంది తెల్వదు గారి శైలిని అక్షరాలా కాపీ కొట్టింది. ఇకమీద నానక్‌రామ్‌గూడలో గానీ మరెక్కడ గానీ ఇటువంటి బొమ్మలు వేయాలంటే తెల్వదు గారి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి.

(అనుమతి దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలని నేను అడిగాను. తెల్వదు గారి చిరునామాకు పంపాలన్నారు. చిరునామా అడిగాను. వాళ్లు చెప్పిన జవాబు మీరు ఊహించగలరు.)

గేటు దగ్గర శేఖర్ ఆమెను ఓదార్చబోయాడు. "అక్కా, ఒక పని జెయ్. ఆధార్‌ల నీ పేరే తెల్వదు అని మార్పించుకో. మీసేవల అయిపోతది."

"మా అయ్య పెట్టిన పేరురా అది. నీ యాప్‌ల పట్టకుంటె నీ యాప్‌ను మార్పించుకో."

మూడో రోజు సాయమ్మకు ఫోనొచ్చింది. అదే బిల్డరు, కొత్త టవరు, సైటు ఇంజనీరు. తొమ్మిదో స్లాబు పడిందట. దిష్టిబొమ్మ కట్టందే పైకి ఎక్కమని కూలీలు కింద కూర్చున్నారట. ఎప్పుడిస్తావని అడిగాడు.

"నాకు పర్మిషన్ లేదు సారూ. మీ గ్యాలరీల తెల్వదు అని ఒకాయనున్నడు. గాయిన్ని అడుగుండ్రి."

ఆ సైటులో పని ఇంకా కదల్లేదు. తెల్వదు గారు ఫోన్ ఎత్తడం లేదు.

కాబట్టి కాటుక గ్యాలరీ వాళ్లారా, మీకు మిగిలింది ఆదివారం సాయంత్రం దాకే. కమిటీ వెయ్యకండి. విచారం ప్రకటించకండి. 'కమ్యూనిటీ ఆర్టిస్ట్' అని ఇంకో ముసుగు పేరు కనిపెట్టకండి. ఆ చీటీ పీకండి. సాయమ్మ, నానక్‌రామ్‌గూడ, అని రాయండి. తెలుగులో రాయండి, పెద్దక్షరాలతో, ఆటోలోంచి కనబడేలా. హోర్డింగు మీదా అదే పేరు వెయ్యండి. మిగతా ముప్పై ఆరు బొమ్మలు పట్టుకుని సైటు సైటుకూ తిరిగి, వాచ్‌మన్‌ను కాదు, బొమ్మలు కట్టే మనుషులను అడిగి, ఒక్కొక్కరి పేరు రాయండి. బొమ్మను కప్పు దాకా ఎత్తి కట్టండి. మీరు దాన్ని తలెత్తి చూడాల్సిందే, ఆమె అలా చూడ్డానికే గీసింది. చుక్క ఎక్కడ తుడిచారో అక్కడ ఆమె చేతే పెట్టించండి, మాపు కర్ర ఇవ్వకుండా, ముందు గేటులోంచి పిలిచి.

సోమవారం పొద్దున మేమే గేటు దగ్గరికి వస్తాం. ఈ పని ఇంకా ఎందుకు కాలేదు, బాధ్యులెవరు అని అడుగుతాం. అప్పుడు మీరు మాత్రం తెల్వదు అనకండి. ఆ మాట వాడుకోవాలంటే ఆయన రాతపూర్వక అనుమతి కావాలి.